లేని పంటినొప్పి

ఎప్పుడో అన్న ఒక మాట ఇన్నేళ్ళుగా నన్ను వదలడం లేదు. పెద్ద మాటేమీ కాదు, చిన్నదే. అది అన్నప్పుడు నాలుక తడబడలేదు, చెమట పట్టలేదు. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవాలని కూర్చుంటే మాత్రం కలం ముందుకు కదలడం లేదు. ఇప్పటికే రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను.

నేనెవరో మీకు చెప్పను. పత్తికొండలో టమోటా గంపలు, తాళ్ళు, గోనెసంచులు అమ్మే అంగడి మాది అంటే చాలు. ఊళ్ళో నాకు మంచి పేరుంది. నన్ను తినేస్తున్నది ఆ పేరే. పెండ్లాన్ని వీడు చూసుకున్నట్టు ఎవడూ చూసుకోలేదని ఇప్పటికీ అంటారు. గంపలకు వచ్చిన ఆడవాళ్ళు పక్కనున్న మొగుళ్ళకు నన్ను చూపించి దెప్పుతారు. నేను తల దించుకుంటాను. దాన్ని అణకువ అనుకుంటారు వాళ్ళు.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేవాడిని. కాదు, ఇది కూడా అబద్ధమే. చెప్పేవాడిని కాదు. అబద్ధం నాకు ఎంత సులువుగా వస్తుందో చూడండి, నిజం చెప్పాలని మొదలుపెట్టిన కాగితం మీద కూడా వచ్చేసింది.

రాజీ నా భార్య. నా సొంత అక్క కూతురు. పెండ్లయ్యాక కూడా చిన్నప్పటిలాగే నన్ను 'మామా' అనే పిలిచేది. మా ఇంట్లో తరతరాలుగా మేనరికాలే. పిల్లను బయటికిస్తే ఇంటి లక్ష్మి కూడా దాని వెంటే పోతుందని మా అవ్వ నమ్మకం. అందుకు ఆమె దగ్గర రుజువు కూడా ఉండేది. అవ్వ కంటిరెప్పల మీద, ముక్కు దగ్గరగా, పసుపుపచ్చని మచ్చలుండేవి. మా అక్కకూ ఉండేవి. మా ఇంట్లో వాటిని 'లచ్చిమి కూర్చున్న కండ్లు' అనేవాళ్ళు. రాజీకి మచ్చలతో ఆగలేదు. చిన్నప్పుడే మోచేతుల మీద, మడమల మీద పసుపు గడ్డలు లేచాయి. నొప్పి లేదు, దురద లేదు. "పిల్ల ముడుపు గట్టుకోని వచ్చిండాది" అని అవ్వ ఆ గడ్డలను నిమిరి మురిసిపోయేది. ఆ ముడుపు పరాయి ఇంటికి పోకూడదనే రాజీని నాకిచ్చి చేశారు.

అది ముడుపు కాదు, కొవ్వు. ఆ సంగతి తెలిసేసరికే మా అక్క పోయింది. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. కొందరు దిష్టి అన్నారు, కొందరు గ్యాసు అన్నారు. గుండె అని ఎవరూ అనలేదు, నలభై ఏళ్ళు కూడా నిండని ఆడమనిషికి గుండె జబ్బేమిటని. ఆ తర్వాత కొన్నాళ్ళకు రాజీకి మిద్దె మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. కర్నూలుకు తీసుకుపోయాను. ఇదంతా రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మా అంగడికి ఇంకా సెల్‌ఫోను రాని రోజుల్లో.

ఆ డాక్టరు రాజీ మోచేయి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆమె కండ్లు చూశాడు. "ఈమె అమ్మానాయనలది మేనరికమా?" అన్నాడు. అవునన్నాను. ఇది రక్తంలోనే వచ్చే జబ్బనీ, రెండువైపుల నుంచీ దిగింది కాబట్టి రాజీకి గట్టిగా పట్టుకుందనీ, మాత్రలు మింగినా కొవ్వు చాలినంత దిగదనీ చెప్పాడు. ఆయన పైచదువుకు పోయిన చోట ఇలాంటివాళ్ళకు రక్తాన్ని వడపోస్తారట. మూత్రపిండాలు చెడినవాళ్ళకు రక్తం శుభ్రం చేసే మిషన్లు కర్నూలులో అప్పటికే ఉన్నాయి. వాటిలో ఒకదానికి ఇంకో రెండు జల్లెళ్ళు తగిలించి రాజీతో మొదలుపెట్టాడు. ఒక చేతి నరం నుంచి రక్తం గొట్టంలోకి పోతుంది. అందులోని పసుపుపచ్చని నీరు వేరవుతుంది. ఆ నీటిలోని కొవ్వు జల్లెడలో చిక్కుకుంటుంది. మిగిలినది మళ్ళీ రాజీ ఒంట్లోకే వస్తుంది. పదిహేను రోజులకొకసారి, పొద్దున పోతే సాయంత్రం దాకా. మొదటిసారి జల్లెడలో చిక్కిన పదార్థం నాకు చూపించాడు. గడ్డకట్టిన నెయ్యిలా ఉంది.

డాక్టరుకు కొవ్వు ఒక్కటే చాలదు. ప్రతిసారీ వడపోతకు ముందు, తర్వాత రక్తం తీసి ఇంకొకటి కూడా చూసేవాడు. దానికేదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది, నాకు నోరు తిరగలేదు. నాకు అర్థమయ్యేలా 'వాపు లెక్క' అనేవాడు. రక్తనాళం గోడలో కొవ్వు ఊరికే పేరుకోదట. ఒళ్ళు దాన్ని గుచ్చుకున్న ముల్లులా చూస్తుందట. అక్కడ వాపు, మంట పుడతాయి. ఆ మంట ఎక్కువైనచోటే గోడ చిట్లి, రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోతుంది. ఆ మంట ఎంతుందో ఈ లెక్క చెబుతుంది. వడపోశాక కొవ్వుతో పాటు వాపు లెక్క కూడా దిగితే ఆయన ముఖం వెలిగిపోయేది. "చూడండి, లోపల కూడా చల్లబడింది" అనేవాడు. పదిహేను రోజుల్లో రెండూ మళ్ళీ పైకెక్కేవి. మళ్ళీ పోయేవాళ్ళం.

ఆ లెక్కకు ఒక లోపముందని కూడా ఆయనే చెప్పాడు. ఊళ్ళో ఎక్కడో నిప్పంటుకుందని కేక వేస్తుందిగానీ ఏ ఇంట్లోనో చెప్పదట. జ్వరమొచ్చినా పెరుగుతుంది, కాలికి పుండైనా పెరుగుతుంది, పన్ను పుచ్చినా పెరుగుతుంది. అందుకే పోయిన ప్రతిసారీ అవన్నీ అడిగేవాడు. ఈ సంగతి నేను బాగా గుర్తుపెట్టుకున్నాను. ఎందుకు గుర్తుపెట్టుకున్నాను? దానితో అప్పుడు నాకేం పని? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను.

మాకు పిల్లలు కలగలేదు. రాజీ గుండెకు కాన్పు మంచిది కాదని డాక్టరు ముందే చెప్పాడు. దాంతో ఇంట్లో అందరి చూపూ నా తమ్ముడి మీద పడింది. రాజీ చెల్లెలు లలితను వాడికి చేయాలని మాట అనుకున్నాం. కడపలో మా బావ, అంటే చచ్చిపోయిన మా అక్క మొగుడు, ఇప్పుడు నాకు మామ కూడా ఆయనే, సంతోషంగా ఒప్పుకున్నాడు. ఇది విన్న డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. ఇంకో మేనరికం చేసే ముందు ఆ అమ్మాయి రక్తమూ మా తమ్ముడి రక్తమూ చూడాలన్నాడు. సరేనన్నాను. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. రాజీకి కూడా. చెబితే సంబంధం తప్పిపోతుంది. లలితకు ఫలానా జబ్బుందేమోనన్న మాట బయటికి పొక్కితే బయటి సంబంధాలూ రావు. తమ్ముడికి మాట ఇచ్చింది నేను, బావకు మాట ఇచ్చింది నేను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే తాంబూలాల రోజు దగ్గరికి వచ్చింది.

తాంబూలాలు గురువారం, కడపలో. అంతకు ముందు మంగళవారం కర్నూలులో రాజీకి వడపోత. తెర వెనక మంచం మీద పడుకుని ఉంది. కుడిచేతికి సూదులు, మిషను చప్పుడు. డాక్టరు నన్ను తెర ఇవతలికి పిలిచాడు. ఆయన ముఖం బాగాలేదు.

"పోయినసారి కొవ్వు దిగింది, వాపు లెక్క దిగలేదు," అన్నాడు. "ఈ పొద్దు తీసిన రక్తంలో ఇంకా పెరిగింది. జ్వరమేమైనా వచ్చిందా ఆమెకు?"

"లేదు సార్."

"గాయం, సెగగడ్డ, పన్ను నొప్పి? అట్లాంటివేమైనా?"

నేను చేతిసంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"ఏమీ లేకపోతే ఇది గుండె రక్తనాళాల నుంచే అనుకోవాలి. ఇంటికి పంపలేను. ఈ రాత్రికి ఇక్కడే ఉంచుకుని రేపు హైదరాబాదుకు పంపిస్తాను. వాళ్ళ నాయనకు ఫోన్ చేసి రమ్మనండి. ఆయనతో నేను మాట్లాడాల."

బావ వస్తాడు. డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా చెబుతాడు. ఇంత ముఖ్యమైన సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు దాచినావప్పా అని బావ నన్ను అడుగుతాడు. నా కండ్ల ముందు ఆడింది అదొక్కటే. రాజీ కాదు. ఈ మాట రాయడానికి చాలాసేపు పట్టింది. ఆ నిమిషాన నా కండ్ల ముందు రాజీ లేదు.

"పన్ను నొప్పి ఉండాది సార్," అన్నాను. "నాలుగు దినాలుగా."

డాక్టరు ముఖంలో ఊరట కనిపించింది. ఆయన కూడా అలాంటి కారణమే కావాలని కోరుకున్నాడేమో. తెర పక్కకు లాగి రాజీ దగ్గరికి పోయాడు. నేనూ వెనకే పోయాను.

"ఏ పక్కమ్మా పన్ను నొప్పి?"

రాజీ నా వైపు చూసింది. మిషను తిరుగుతూనే ఉంది. అప్పుడు కూడా సమయం మించిపోలేదు. ఆమె 'నాకేం నొప్పి లేదు సార్' అని ఉంటే అయిపోయేది, నేను నవ్వి ఏదో ఒకటి సర్దుకునేవాడిని. కానీ రాజీ నలుగురి ముందు నా మాట కింద పడనిచ్చే మనిషి కాదు. మా అక్క అట్లా పెంచింది. ఇంట్లో ఇద్దరమే ఉన్నప్పుడు నన్ను ఎన్నైనా అంటుంది, ముఖం మీదే అంటుంది. బయట మాత్రం మొగుడు చెప్పిందే మాట. సూదిలేని ఎడమచెయ్యి ఎత్తి దవడ మీద పెట్టుకుంది.

"ఈ పక్క సార్."

"మరి నాకు చెప్పలేదే?"

"చిన్న నొప్పే కదా సార్ అని."

డాక్టరు ఆమె నోరు తెరిపించి లైటు వేసి చూశాడు. చిగురు కొంచెం ఎర్రగా ఉందన్నాడు. ఎవరి చిగురు ఎర్రగా ఉండదు? మాత్రలు రాశాడు. పంటి డాక్టరుకు చూపించమన్నాడు. ఈసారి లెక్కను పక్కన పెడదాం, నొప్పి తగ్గాక మళ్ళీ చూద్దామన్నాడు. ఛాతీలో ఏ కొంచెం తేడా వచ్చినా వెంటనే రావాలని రెండుసార్లు చెప్పాడు. అలాగే సార్ అన్నాను.

పత్తికొండ బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. కోడుమూరులో బస్సు ఆగితే జామకాయలు కొనిచ్చాను. కుడి పక్కనే నమిలింది. నేను చూస్తున్నానని తెలిసి నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకట్లా చెప్పినావు మామా అని ఇంటికి పోయాక అడుగుతుందని ఎదురుచూశాను. అడిగితే అంతా చెప్పేద్దామనుకున్నాను. అడగలేదు. నన్ను నమ్మింది. ఏదో మంచి కారణమే ఉంటుందనుకుంది.

మరునాడు గుత్తిలో రైలెక్కి కడప చేరాం. గురువారం తాంబూలాలు బాగా జరిగాయి. బావ ఇంటి నిండా చుట్టాలు. రాజీ పెద్దకూతురి హోదాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. భోజనాల వేళకు ఎడమ దవడ చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఏమైందని ఎవరో అడిగారు.

"దవడ లాగుతాండాది," అంది.

ఇప్పుడు మీరు నన్ను క్షమించరు. క్షమించవద్దు. ఆ మాట విని నాకు ఏమనిపించిందో చెబుతాను. అబద్ధాన్ని కడపదాకా మోసుకొచ్చిందే, ఇక్కడ ఎవరి కోసం, ఇంక చాల్లే, అనిపించింది. ముద్దుగా కూడా అనిపించింది. చుట్టాల మధ్య నుంచి ఆమె వైపు చూసి కన్ను గీటాను. ఆమె నవ్వడానికి చూసింది. పై పెదవి మీద చెమట పట్టి ఉంది. ఎండాకాలం కడపలో ఎవరికి చెమట పట్టదు అనుకున్నాను.

లలిత లవంగనూనెలో దూది ముంచి తెచ్చింది. "ఏ పన్నుక్కా?" అని అడిగింది. రాజీ చూపించలేకపోయింది. అంతా లాగుతోందంది. భుజం కూడా అంది. డాక్టరు కూడా పన్ను నొప్పే అన్నాడని చుట్టాలకు నేనే చెప్పాను. అందరూ తలా ఒక వైద్యం చెప్పారు. ఒకాయన ఉప్పు కాచి ఒత్తమన్నాడు, ఒకామె జామాకు నమలమంది. మేడ మీద గదిలో పడుకోబెట్టాం. మధ్యాహ్నం వక్కాకు వేసుకుని కింద మాటల్లో పడ్డాను. లలిత కాఫీ ఇద్దామని పైకి పోయి అరిచింది.

ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. దారి పొడుగునా ఆమె తల నా ఒళ్ళోనే ఉంది. నోటి దగ్గర లవంగం వాసన. అక్కడ చెయ్యి పట్టి చూసి, గుండె అన్నారు. నొప్పి మొదలైనప్పుడే తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్ళం అన్నారు.

గుండె నొప్పి దవడకు కూడా పాకుతుందని నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఈ ఒక్కటి నమ్మండి. కానీ నేను ఆ అబద్ధం చెప్పి ఉండకపోతే ఆమె దవడ లాగుతోందన్నప్పుడు ఆ ఇంట్లో ఎవరో ఒకరు భయపడి ఉండేవాళ్ళు. గుండె జబ్బున్న మనిషి గదా అని ఎవరో ఒకరు లేచి ఆటో పిలిచేవాళ్ళు. భయపడే వీలు లేకుండా చేసింది నేను. నొప్పికి పేరు ముందే పెట్టేశాను.

ఇంకో ఆలోచన కూడా వస్తుంటుంది. అది వచ్చిన రోజు నాకు అన్నం దిగదు. డాక్టరు అడిగినప్పుడు రాజీ చెయ్యి నేరుగా ఎడమ దవడ మీదికే ఎందుకు పోయింది? ఆ రోజుకే అక్కడ లాగుతోందా? నేను చెప్పింది అబద్ధమని నేననుకుంటుంటే, మామకు నా నొప్పి చెప్పకుండానే ఎట్లా తెలిసిందా అని ఆమె నన్ను చూసిందా? ఆ చూపుకు అర్థం అదేనా? అట్లాగైతే నేను అబద్ధమాడలేదనుకుని కాసేపు తేలికపడవచ్చు. పడ్డాను కూడా, ఒకటి రెండుసార్లు. ఆ వెంటనే ఇంకా భయమేస్తుంది. నిజంగా నొప్పి ఉండి ఆమె చెయ్యి పెట్టి చూపిస్తుంటే కూడా, నేను దాన్ని నాటకమనుకుని బస్సులో నవ్వాను. ఈ రెండింటిలో ఏది జరిగిందో చెప్పగలిగిన మనిషి లేదు.

దినాలు కాకముందే డాక్టరు పత్తికొండకు వచ్చాడు. ఒక్కడే, తన కారులో. అంగడి ముందు గంపలు పక్కకు జరిపి బెంచీ మీద కూర్చోబెట్టాను. మంచినీళ్ళిస్తే పట్టుకుని కూర్చున్నాడుగానీ తాగలేదు. "పన్ను నొప్పి అనగానే నేను నమ్మి ఉండకూడదు," అన్నాడు. "ఆ లెక్క సరిగ్గానే చెప్పింది. నేను వినలేదు. తప్పు నాదే." రెండు చేతులూ జోడించాడు.

అంతకంటే మంచి సమయం ఎవరికైనా దొరుకుతుందా? మేమిద్దరమే. అంగడిలో ఇంకెవరూ లేరు. నోరు తెరిచాను. "మీరేం చేస్తారు సార్, దాని రాత అట్లుండాది" అన్నాను. ఆయన కండ్లు తుడుచుకున్నాడు. వీపు నిమిరాను కూడా. ఏ తప్పూ చేయని మనిషిని నేను క్షమించి పంపించాను. రాజీ విషయంలో చేసింది భయంలో చేశాను. ఇది మాత్రం తెలిసి, నెమ్మదిగా, కూర్చుని చేశాను. రెండింటిలో ఏది పెద్దదని నన్నడిగితే చెప్పలేను.

లలిత సంబంధం నిలవలేదు. తాంబూలాలనాడే ఇంట్లో చావు జరిగింది, ఇది మనకు అచ్చిరాదని పెద్దలు వదిలేశారు. దేని కోసం దాచానో అది నాలుగు రోజులు కూడా ఆగలేదు. లలితను ప్రొద్దుటూరులో బయటి సంబంధానికిచ్చారు. తమ్ముడూ బయటే చేసుకున్నాడు. డాక్టరు చెప్పింది అప్పుడు అందరికీ చెప్పాను, అందరి రక్తమూ చూపించాను. ముందుచూపున్న మనిషివప్పా అని బావ నన్ను మెచ్చుకున్నాడు.

ఆ డాక్టరు కర్నూలులోనే ఉన్నాడు. జుట్టు నెరిసిపోయిందట. పన్ను నొప్పని, దవడ నొప్పని ఎవరు పోయినా ముందు గుండె పరీక్ష రాస్తాడని మా వైపు ఎగతాళి. "పన్ను పీకించుకోను పోతే గుండెకు తీగలు పెట్టె" అని మా అంగడిలోనే ఒకాయన చెప్పి అందరినీ నవ్వించాడు. నేనూ నవ్వినట్టు పళ్ళు బయటపెట్టాను. ఆ నవ్వు అయ్యేదాకా నిలబడటం కష్టమైంది.

రెండుసార్లు ఆయన ఆసుపత్రి దాకా పోయాను. మొదటిసారి మెట్ల దగ్గర నుంచే తిరిగొచ్చాను. రెండోసారి లోపల బెంచీ మీద నా వంతు కోసం కూర్చున్నాను. చీట్లు రాసే అమ్మాయి వచ్చి, ఏమి బాధ పెద్దాయనా అని అడిగింది. మళ్ళీ వస్తానమ్మా అని లేచి వచ్చేశాను. మూడోసారి పోతానా? తెలియదు. పోతానని మీకు మాట ఇవ్వను, నా మాటల సంగతి మీకు తెలిసింది గదా.

ఇది రాసినందువల్ల రాజీ రాదు. ఆయన చేతులు జోడించిన రోజు వెనక్కి పోదు. కానీ ఆ రోజు తెర ఇవతల ఆయన అడిగిన ప్రశ్న ఇంకా జవాబు కోసం అట్లాగే నిలబడి ఉంది. ఒక్కసారి, ఎక్కడో ఒకచోట, సరైన జవాబు చెప్పి ఊపిరి వదలాలని ఉంది.

జ్వరం లేదు సార్. గాయం లేదు. సెగగడ్డ లేదు. పన్ను నొప్పి లేదు.